రోజుకు పేర్లు పెట్టారు, చచ్చినవాళ్ల పేర్లేవి?

సెప్టెంబర్ 17 దగ్గర పడుతోందంటే చాలు, కామారెడ్డిలో ఫ్లెక్సీలు లేస్తాయి. ఒకరు విమోచన దినం అంటారు, ఒకరు విలీన దినం అంటారు, ఒకరు విద్రోహ దినం అంటారు. 2022, 2023లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. అదే ఏడు కేంద్రం హైదరాబాద్ విమోచన దినమని గెజిట్‌లో అచ్చు వేసింది. కలెక్టరేట్‌లో జెండా ఎగురుతుంది. ఎల్లారెడ్డిలో జెండా ఎగురుతుంది. పార్టీ ఆఫీసుల ముందు ఎవరి జెండా వాళ్లు ఎగరేసుకుంటారు. మధ్యాహ్నానికి మైకులు విప్పి ఆటోలో వేసుకుని పోతారు.

1948లో నిజాం రాజ్యం కూలిన ఆ కాలంలో చచ్చినవాళ్లెందరు? ఏ ఊరివాళ్లు? ఎవరు చంపారు? చంపినవాళ్లకు ఏ శిక్ష పడింది? ఏ మైకులోంచీ ఈ మాట రాదు. డెబ్బై అయిదేండ్లు దాటిపోయినా రాలేదు. రోజుకు ఏ పేరు పెట్టాలని కొట్టుకునేవాళ్లలో ఒక్కరికీ చచ్చినవాళ్ల పేర్లు అక్కర్లేదు. ఈ ఉదాసీనత నాకు మింగుడు పడదు. ఎవరికీ మింగుడు పడకూడదనే ఇది రాస్తున్నాను.

నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల జమానా ఎంత ఘోరమైందో మన ఊళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఊళ్లు తగలబెట్టారు, దోచుకున్నారు, ఆడవాళ్లను చెరిచారు, ఎదురు నిలిచినవాళ్లను చెట్లకు కట్టి కాల్చారు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది. ప్రధాన దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో షోలాపూర్ వైపు నుంచి వచ్చింది. 17వ తేదీకి నిజాం చేతులెత్తేశాడు. ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ సంతోషం నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. నా కోపం ఆ సంతోషం మీద కాదు. ఆ అయిదు రోజుల్లో, ఆ తర్వాతి వారాల్లో జరిగినదాన్ని చాప కింద తోసేసిన వాళ్ల మీద.

సైన్యం ఆ చర్యకు పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. ట్యాంకులు కదిలాయి, విమానాలు ఎగిరాయి. సర్కారు మాత్రం లోకానికి పోలీస్ యాక్షన్ అని చెప్పింది. మన ముసలివాళ్లు ఇప్పటికీ వయసు ఆ లెక్కనే చెప్తారు: "పోలీస్ యాక్షన్ నాటికి నేను బడికి పోతున్న." ఆ పేరు ఉత్తినే పెట్టింది కాదు. యుద్ధమని ఒప్పుకుంటే యుద్ధ నియమాలు పాటించాలి, తప్పినవాళ్లను విచారించాలి. పోలీసు పని అంటే ఇంటి వ్యవహారం, బయటివాళ్లు వేలు పెట్టకూడదు. హైదరాబాద్ ఫిర్యాదు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుకు సెప్టెంబర్ 16న వచ్చింది. మర్నాటికి నిజామే లొంగిపోయాడు. 22న నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు. అడిగే నోరు అక్కడితో మూతపడింది.

మూతపడని నోరు ఒకటుంది. నెహ్రూ ప్రభుత్వమే పంపిన ముగ్గురు మనుషులు: పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబర్ ఆఖరు నుంచి డిసెంబర్ మూడో వారం దాకా వాళ్లు తిరిగారు. సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిది చూశారు. తాము పోలేకపోయిన 109 ఊళ్ల నుంచి వచ్చిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. చాలా తక్కువగా వేసుకున్నా 27,000 నుంచి 40,000 మంది దాకా పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయారని తేల్చారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. రజాకార్లలో చేరనివాళ్లు, రజాకార్ అన్న మాటకూ తమకూ సంబంధం లేనివాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు. అల్లరి మూకలు చంపాయి. కొన్నిచోట్ల సాయుధ బలగాల మనుషులే ఊళ్లలోంచి మగవాళ్లను బయటికి తెచ్చి చంపారని, సైనికులు దోపిడీల్లో, ఇతర నేరాల్లో పాలుపంచుకున్నారనడానికి తిరుగులేని సాక్ష్యం దొరికిందని కమిటీ రాసింది.

ఆ నివేదికలో ఒక బావి ఉంది. శవాలతో నిండిన బావులు కొన్ని చూశామని, వాటిలో ఒకదానిలో పదకొండు శవాలు లెక్కపెట్టామని ఆ ముగ్గురూ రాశారు. ఆ పదకొండులో ఒక తల్లి ఉంది. ఆమె రొమ్ముకు కరుచుకుని పసిబిడ్డ ఉంది. ఈ వాక్యం చదివి ఏ మంత్రి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోగలిగాడో నాకు తెలియదు. పెట్టుకున్నారు. నివేదికను బీరువాలో పెట్టారు. సర్దార్ పటేల్ దాన్ని ఒప్పుకోలేదు, ప్రభుత్వం అచ్చు వేయలేదు. పూర్తి పాఠం మామూలు పాఠకుడి చేతికి అందేసరికి 2013 వచ్చింది. అరవై నాలుగేండ్లు. ఆ బావి దగ్గర ఏడ్చినవాళ్లు కూడా అప్పటికి మట్టిలో కలిసిపోయారు.

కమిటీ తిరిగిన తేదీల పక్కన ఈ తేదీలు పెట్టుకుని చూడండి. 1948 నవంబర్‌లో టోక్యోలో జపాన్ నాయకుల యుద్ధ నేరాల తీర్పు వచ్చింది. ఆ న్యాయమూర్తుల్లో మన దేశపు రాధాబినోద్ పాల్ కూడా ఉన్నాడు. డిసెంబర్ 9న పారిస్‌లో జాతి నిర్మూలనను నేరంగా ప్రకటించే ఒప్పందానికి ఐక్యరాజ్యసమితి ఆమోదం తెలిపింది. మర్నాడు విశ్వ మానవ హక్కుల ప్రకటన. సరిగ్గా అవే రోజుల్లో సుందర్‌లాల్ కమిటీ మన పల్లెల్లో బావులు చూసుకుంటూ తిరుగుతోంది. యుద్ధంలో సామాన్యుణ్ణి చంపడం నేరమని తెలియని కాలం కాదది. ఆ మాట లోకమంతా గొంతెత్తి చెబుతున్న కాలం. తెలిసే వదిలేశారు.

ఇదంతా ఎక్కడో మరాఠ్వాడాలో జరిగింది, మనకేం సంబంధం అనేవాళ్లున్నారు. కామారెడ్డిలోనే విన్నాను ఈ మాట. వాళ్లు ఒక్కసారి మ్యాపు తీయాలి. కమిటీ అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నవని చెప్పిన జిల్లాలు నాలుగు: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నాలుగింటిలోనే 18,000కు తక్కువ కాకుండా పోయారని అంచనా. ఆ తర్వాతి వరసలో ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్. వాటిలో కనీసం 5,000. మన జుక్కల్, మన బిచ్కుంద అప్పుడు ఏ జిల్లా? నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకా. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ రెండు సర్కిళ్లనూ విడదీసి తెలుగు రాష్ట్రంలో కలిపింది. అప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. నారాయణఖేడ్, జహీరాబాద్ అప్పుడు బీదర్ జిల్లా. ఈ రోజు కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్, నారాయణఖేడ్, అందోల్, జహీరాబాద్ ఏడూ కలిసి ఒకే లోక్‌సభ స్థానం. అంటే మనం ఓటేసి ఢిల్లీకి పంపే ఎంపీ, దేశంలో అందరికన్నా ముందు ఈ నివేదిక గురించి లేచి అడగాల్సిన మనిషి. 2009లో ఆ స్థానానికి తొలి ఎన్నిక జరిగింది. అప్పటి నుంచి ఎన్ని ఎన్నికల సభలు పెట్టలేదు కామారెడ్డిలో! రజాకార్ల పేరు ఎత్తని సభ ఉందా? సుందర్‌లాల్ పేరు ఎత్తిన సభ ఒక్కటుందా?

సరిహద్దు గీతలు మారాయి, తాలూకాలు మారాయి, కాగితాల భాష ఉర్దూ నుంచి తెలుగుకు మారింది. ఆ మార్పుల్లో చచ్చినవాళ్లు ఏ జిల్లా లెక్కలోకీ రాకుండా పోయారు. నాందేడ్ వాళ్లను అడిగితే ఆ ఊళ్లు మావి కావంటారు. మనల్ని అడిగితే అప్పటికి ఆ ఊళ్లు మావి కావంటాం. మంజీరకు ఈవలి ఒడ్డువాడు ఆవలి ఒడ్డు చూపిస్తాడు, ఆవలివాడు ఈవల చూపిస్తాడు.

ఎల్లారెడ్డిలో ఒక రైతు బర్రె చచ్చిపోతే ఇన్సూరెన్స్ కోసం చెవి బిళ్ల చూపించాలి, పశువుల డాక్టర్ పోస్టుమార్టం కాగితం పెట్టాలి. తండ్రి పోతే భూమిని వారసుల పేరున ఫౌతీ చేయించుకోవడానికి మరణ ధ్రువీకరణ పత్రం లేనిదే తహసీల్ ఆఫీసు గడప తొక్కనివ్వరు. గొడ్డు చావుకూ గుంట భూమికీ ఇంత పత్రం రాసే రాజ్యం వేల మంది మనుషుల చావుకు ఒక చిట్టా రాయలేదు. చేతకాక కాదు. సైన్యం రాకముందు 1948లో ఇదే కేంద్రం హైదరాబాద్ మీద శ్వేతపత్రం అచ్చు వేసింది. రజాకార్ల దురాగతాలను అందులో ఏకరువు పెట్టింది. లోపలికి పోవడానికి కారణం చూపాల్సినప్పుడు కలం కదిలింది. లోపలికి పోయాక జరిగినదాన్ని రాయాల్సినప్పుడు అదే కలం ఆగింది.

ఇక విచారణల సంగతి. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని పట్టుకున్నారు. ఏ కేసులో శిక్ష పడిందో తెలుసా? 1948 జనవరిలో బీబీనగర్ గ్రామం మీద జరిగిన దాడి కేసులో. నేరం పేరు దోపిడీ. శిక్ష ఏడేండ్ల కఠిన కారాగారం. 1953లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆ శిక్షే నిలిచింది. 1957లో జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. నిజాం ప్రధానమంత్రిగా ఉన్న లాయక్ అలీ గృహ నిర్బంధంలోంచి 1950లోనే తప్పించుకుని అక్కడికే చేరాడు. ఊళ్లకు ఊళ్లను వణికించిన సాయుధ దండుకు నాయకత్వం వహించినవాణ్ణి ఒక్క ఊరి దోపిడీ కేసులో మూసి, తెరిచి, పంపించేశారు. ఆ కాలపు నేరం ఎంత పెద్దదో అంత పెద్ద సెక్షన్ మన చట్టంలో లేదు. ఒక దండును నడిపినవాడు ఆ దండు చేసిన హత్యలకు జవాబు చెప్పాలన్న సూత్రంతో నూరెంబర్గ్, టోక్యోలలో శిక్షలు వేశారు. మన దగ్గర ఆ సూత్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

సైన్యం వచ్చాక జరిగిన హత్యల మీద మాత్రం ఆ పాటి విచారణ కూడా లేదు. కమిటీ సాక్ష్యం ఉందంది. ఆ సాక్ష్యం ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు.

ఇక్కడ కొందరు లేచి నన్ను అడుగుతారు: ముస్లింల కోసం ఏడుస్తున్నావు, భైరాన్‌పల్లి కోసం ఎందుకు ఏడవవు? ఏడుస్తాను. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరి మీద పడ్డాయి. బురుజు ఎక్కి ఊరిని కాపాడుకుంటున్న మనుషులను ఫిరంగులతో కొట్టారు, దొరికినవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. సిద్దిపేట జిల్లాలో ఆ బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ రోజు ఎంతమంది చచ్చిపోయారు? ఒకచోట 96 అని రాస్తారు, ఇంకోచోట 118 అని రాస్తారు. ప్రతి సెప్టెంబర్‌లో ఆ బురుజు బొమ్మ ఫ్లెక్సీల మీద వేసుకునే పార్టీలున్నాయి. ఒక్క ఊరి చావుల లెక్క తేల్చే తీరిక ఆ పార్టీల ప్రభుత్వాలకు దొరకలేదు. రజాకార్ల చేతిలో చచ్చినవాళ్ల మీద మీకు నిజంగా ప్రేమ ఉంటే, ముందు వాళ్లను లెక్కపెట్టండి. పేర్లు రాయండి. ఓటు కావాల్సినప్పుడు శవాన్ని లేపి, ఓటు పడ్డాక పడుకోబెట్టే ప్రేమ వాళ్లకు అక్కర్లేదు.

భైరాన్‌పల్లి శవాలను, బావిలోని శవాలను ఎదురెదురుగా పెట్టి తూకం వేయడమంత నీచం ఇంకోటి లేదు. ఒకరు చేసిన నేరం ఇంకొకరి నేరానికి రసీదు కాదు. యుద్ధ నేరం అనే మాటకు ప్రపంచం ఒప్పుకున్న అర్థం ఇదే. ఏ పక్షం గెలిచింది, ఏ పక్షంలో న్యాయం ఉంది అన్నదాంతో నిమిత్తం లేదు. ఆయుధం లేనివాణ్ణి, లొంగిపోయినవాణ్ణి, పిల్లను, తల్లిని చంపితే అది నేరం. సుందర్‌లాల్ కమిటీయే ఇంకో సంగతీ రాసింది: ముస్లిం సాలెవాళ్లను హిందూ సాలెవాళ్లు అడ్డం నిలబడి కాపాడిన చోట్లున్నాయి. పక్క మగ్గం మీద కూర్చునేవాడి ప్రాణం తన ప్రాణమే అనుకున్నవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. ఆ మనుషులకు కూడా మనం ఒక్క రాయి నిలబెట్టలేదు.

ఇప్పుడు చట్టం ఎలా ఉందో చూద్దాం. 1949 ఆగస్టు 12న జెనీవా ఒప్పందాలు కుదిరాయి. దేశం లోపలి సాయుధ పోరులోనైనా ఆయుధం పట్టనివాణ్ణి చంపకూడదని వాటిలో మూడో అధికరణం చెప్పింది. ఇంటి గొడవ అన్న సాకు అక్కడితో పోయింది. మన దేశం 1950లో వాటికి కట్టుబడింది. 1960లో పార్లమెంటు జెనీవా కన్వెన్షన్స్ చట్టం చేసింది. ఆ చట్టం చదివితే గొప్పగానే ఉంటుంది: ఒప్పందాలను ఘోరంగా ఉల్లంఘించి చంపినవాడికి మరణశిక్ష లేదా యావజ్జీవం, దేశం లోపల చేసినా బయట చేసినా సరే. కానీ పదిహేడో సెక్షన్ దగ్గరికి రండి. ప్రభుత్వం గానీ, ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ కేసు తీసుకోకూడదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఫిర్యాదు చెల్లదు. 1961లో మన సైన్యం గోవాను విడిపించిన తర్వాత అక్కడి ఒక మతగురువు కేసులో సుప్రీంకోర్టు 1969లో ఇదే సంగతి చెప్పింది: ఈ చట్టం పౌరుడికి కోర్టుకెక్కే ప్రత్యేక హక్కేదీ ఇవ్వదని. చంపినవాడు ప్రభుత్వ మనిషైతే ప్రభుత్వమే తన మీద తాను ఫిర్యాదు రాసుకోవాలన్నమాట. అది జరిగే పని కాదని చట్టం రాసినవాళ్లకూ తెలుసు.

1971 యుద్ధం తర్వాత 195 మంది పాకిస్తాన్ సైనికులను యుద్ధ నేరాలకు విచారిస్తామని బంగ్లాదేశ్ అంది. 1974లో ఢిల్లీలో కుదిరిన మూడు దేశాల ఒప్పందంతో వాళ్లూ ఇండ్లకు పోయారు. జాతి నిర్మూలన ఒప్పందానికి మన దేశం 1959లో కట్టుబడింది, దాన్ని నేరంగా రాసే చట్టం మాత్రం ఇప్పటికీ చేయలేదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును నెలకొల్పిన 1998 నాటి రోమ్ ఒప్పందంలో మనం చేరలేదు. 2018 డిసెంబర్‌లో 1984 సిక్కుల ఊచకోత కేసులో మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు శిక్ష వేస్తూ ఢిల్లీ హైకోర్టు చెప్పింది: మానవత మీద నేరాలు, జాతి నిర్మూలన మన నేర చట్టంలో లేవు, ఈ లోటు వెంటనే పూడ్చాలి అని. 2024 జూలై 1న కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. వలస కాలపు చట్టాన్ని పారేశామని చప్పట్లు కొట్టుకున్నారు. హైకోర్టు చూపించిన లోటు మాత్రం అట్లాగే ఉంది. కొత్త పుస్తకం రాసేటప్పుడు కూడా ఆ రెండు పేజీలు చేర్చాలన్న స్పృహ రాలేదు.

యుద్ధాలు ఎక్కడో జరుగుతాయి, మన కామారెడ్డికి ఏం పట్టింది అనుకునేవాళ్లు ఉక్రెయిన్ వైపు చూడాలి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఆ దేశం మీద పడింది. 2023 మార్చిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, ఉక్రెయిన్ పిల్లలను ఎత్తుకుపోయిన నేరానికి రష్యా అధ్యక్షుడు పుతిన్ మీదే అరెస్టు వారెంటు ఇచ్చింది. పట్టుకోగలరా లేదా అన్నది వేరే సంగతి. నేరానికి పేరుంది, ఫైలుంది, నిందితుడి పేరుంది. ఆ యుద్ధంలోకి మన తెలంగాణ పిల్లలను కూడా లాక్కుపోయారు. హెల్పర్ పని అని నమ్మించి తీసుకుపోయి తుపాకీ చేతికిచ్చారు. హైదరాబాద్ కుర్రాడు ఒకడు 2024లో శవమై తేలాడు. నారాయణపేట కుర్రాడు ప్రాణాలతో తిరిగొచ్చాడు. దుబాయికీ మస్కట్‌కూ బతుకుదెరువు కోసం పోయే పిల్లలున్న జిల్లా మనది. ఏజెంటు చెప్పిన మాటే నమ్మి విమానం ఎక్కే తల్లిబిడ్డలున్న జిల్లా. యుద్ధ నేరం మనకు సంబంధం లేని సంగతి అనే ధైర్యం ఎక్కడిది మనకు?

పాత గాయాలు ఎందుకు కెలకడం అని పెద్దమనుషులు సుద్దులు చెప్తారు. అయ్యా, గాయాన్ని కెలుకుతున్నది ఎవరు? ప్రతి ఎన్నికకూ రజాకార్ పేరు చెప్పి పక్కింటి సాయిబును అనుమానంగా చూడమని నేర్పేవాళ్లు కెలుకుతున్నారు. లెక్క రాసి, పేరు రాసి, ఎవరిది తప్పో రాసి మూసేస్తే ఆ గాయం మానుతుంది. రాయకుండా వదిలేస్తే ఎవడికి కావాల్సిన అబద్ధం వాడు దాంట్లో కుక్కుతాడు. పీర్ల పండుగకు ఊరంతా కలిసి అలాయ్ ఆడిన పల్లెలు మనవి. ఆ పల్లెల్లో నిజం చెప్పుకోవడానికి భయమెందుకు?

చేయాల్సిన పనులు పెద్దవేం కావు. సుందర్‌లాల్ నివేదికను రాష్ట్ర ప్రభుత్వం తెలుగులో, ఉర్దూలో అచ్చు వేసి ప్రతి మండల గ్రంథాలయంలో పెట్టాలి. 1947, 1948లలో రజాకార్ల చేతిలో పోయినవాళ్లు, సైన్యం వచ్చాక పోయినవాళ్లు, అందరి పేర్లతో ఊరి వారీగా ఒకే జాబితా తయారు చేయాలి. కామారెడ్డి జిల్లాలో ఆ పని జుక్కల్, బిచ్కుంద నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు పదేండ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గరికొస్తున్నాయి. కెమెరా ఫోన్ లేని ఇల్లు లేదు. డిగ్రీ కాలేజీ పిల్లలను పంపించి ఆ ముసలివాళ్ల ముందు కూర్చోబెట్టండి, చెప్పిందంతా రికార్డు చేయించండి. ఇంకో అయిదేండ్లు ఆగితే అడగడానికి ఎవరూ మిగలరు. యుద్ధ నేరాలను, మానవత మీద నేరాలను, జాతి నిర్మూలనను న్యాయ సంహితలో నేరాలుగా రాయాలి. ప్రభుత్వం ఫిర్యాదు చేస్తేనే అన్న పదిహేడో సెక్షన్ తాళం తీసేయాలి. ఈ మాట పార్లమెంటులో అడగాల్సిన బాధ్యత, ఏ పార్టీవాడైనా సరే, జహీరాబాద్ ఎంపీది.

చంపినవాళ్లు పోయారు. వాళ్లను ఇప్పుడు ఏ కోర్టూ బోనెక్కించలేదు. రాయకపోవడం మాత్రం బతికున్నవాళ్లు చేస్తున్న తప్పు. దానికి జవాబుదారులు ఉన్నారు. వాళ్లకు ఆఫీసులున్నాయి, జీతాలున్నాయి, కార్లున్నాయి, ఓటు కోసం మన గడప తొక్కే రోజులున్నాయి. వాళ్లను అడగాలి. హిందువు అడగాలి, ముస్లిం అడగాలి, ఇద్దరూ కలిసి అడగాలి. ఒకసారి అడిగి ఊరుకోకూడదు. ఆఖరి పేరు రాయించే దాకా వదలకూడదు.